ఊరు మరియమ్మది, మొగుడు ఎస్తేరుది

ఈ మధ్య మా వీధి చివరింటి అమ్మాయి మేఘన వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, నార్త్ కరొలైనాలోని క్యారీలో. సోషియాలజీలో పీహెచ్‌డీకి సీటొచ్చిందట. "ఆంటీ, మీరు అన్ని ఇయర్స్ రీసెర్చ్ చేశారు కదా, యాక్చువల్‌గా రోజూ ఏం చేసేవాళ్ళు?" అంది.

"వాళ్ళింటికీ వీళ్ళింటికీ వెళ్ళి కాఫీ తాగేదాన్నమ్మా" అన్నాను.

పిల్ల పకపకా నవ్వింది. నేనేం జోక్ చెయ్యలేదు. నా ఉద్యోగంలో సగం అదే. రెండో సగం, కాఫీ పోసినవాళ్ళ పరువు తియ్యకుండా వాళ్ళ గురించి నిజం రాయడం. ఈ రెండో సగం గురించి ఏ రీసెర్చ్ మెథడ్స్ క్లాసులోనూ సరిగ్గా చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను. కమిటీలూ, ప్రమోషన్లూ, ఎవరికి పర్మనెంట్ పోస్టు, అదే టెన్యూర్, ఎందుకు రాలేదూ అన్న గోల నా దగ్గర బోలెడుంది గానీ, అది మీకెందుకూ పనికిరాదు. ఒక్క ప్రాజెక్టు గురించి చెబుతాను. నాకు పని నేర్పింది అదే.

తలుపు వెయ్యాలట

విశాఖలో ఎం.ఏ. చేసి డెబ్బైల చివర్లో నార్త్ కరొలైనా వచ్చాను. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ చుట్టూ అప్పట్లో ఇన్ని ఇళ్ళెక్కడివి? పైన్ చెట్లు, పొగాకు పొలాలు, మధ్యలో ఒక్కో ఆఫీసు. అక్కడి ఒక యూనివర్సిటీలో వలస కుటుంబాల మీద స్టడీ మొదలుపెట్టి, తెలుగొచ్చిన మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. నా వీసా ఆ జాబ్ మీదే నడిచేది.

ట్రైనింగ్‌లో చెప్పిన రూల్స్ ఇవీ. ఒక మనిషి, ఒక గది, తలుపు వెయ్యాలి. మనం సలహా ఇవ్వకూడదు, అయ్యో అనకూడదు. ఎదుటి మనిషి చెప్పిన మాటనే నెమ్మదిగా వాళ్ళకే తిప్పి చెప్పాలి: "మీకు అప్పుడు కష్టంగా అనిపించినట్టుంది" అని. అలా అంటే వాళ్ళు మనసు విప్పుతారట.

తెలుగింట్లో ఇద్దరు గదిలో కూర్చుని తలుపేసుకుంటే బయట కంగారు పుడుతుంది. ఒకింట్లో అత్తగారు తలుపు బాది, "ఏమే, ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. మొగుణ్ణి అడిగిన ప్రశ్నకి పెళ్ళాం వంటింట్లోంచి జవాబు చెప్పేది, అది తప్పని మొగుడు అరిచేవాడు. టేపు తిప్పి వింటే కుక్కర్ విజిలూ, "ఇంకొంచెం వేసుకో" అన్న మాటా తప్ప ఏమీ ఉండేది కాదు. ఇక ఆ తిప్పి చెప్పే విద్య ఉంది చూశారూ, అది మరీ ఘోరం. "మీకు కష్టంగా అనిపించినట్టుంది" అన్నానంటే, "అదేగా తల్లీ ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను, చెవుడా నీకు?" అనేవాళ్ళు.

మా బాస్

ప్రాజెక్టు నడిపేది పెగ్గీ. యాభై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు, సిగరెట్ వెనక సిగరెట్. అందరూ తనని పెగ్గీ అనే పిలవాలంది. వయసులో అంత పెద్దావిడని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అంటే ఆవిడకి కోపం. అందుకని ఏమీ పిలవకుండా, ఆవిడ తల తిప్పి నావైపు చూసేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని. చాలాకాలం అలాగే నెట్టుకొచ్చాను.

నా టేపులు విని తిడుతుందనుకున్నాను. వంటింటి గోలంతా నేను అనువాదం చేసి చెబుతుంటే కడుపుబ్బ నవ్వి, "తలుపు సంగతి వదిలెయ్. వాళ్ళు ఎక్కడ మాట్లాడతారో అక్కడికే నువ్వెళ్ళు" అంది. తను రాసిన రూల్‌ని తనే అంత తేలిగ్గా చెరిపేసిన బాస్‌ని నేను మళ్ళీ చూడలేదు. అలాంటి బాస్ దొరికితే వదలకండి. అయితే పెగ్గీకి ఒక బలహీనత ఉంది, బాగా రాసిన పేజీ కనబడితే ఆవిడకి ఇంకేమీ కనబడదు. ఆ సంగతి కూడా తెలిసి మసులుకోవాలి.

మనవాళ్ళు మాట్లాడే చోటు వెతుక్కుంటూ తెలుగు చర్చికి వెళ్ళాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన కొద్ది కుటుంబాలు, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అడిగి తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన పెట్టుకునేవాళ్ళు. మాది పూజలూ మడీ ఉన్న ఇల్లు, వాళ్ళు ఏమంటారోనని భయపడుతూ వెళ్ళాను. "వందనాలమ్మా, ముందు ప్లేటు తీసుకో" అన్నారు, అంతే.

కారులో చెప్పిన మాట

ఆ ప్లేటు నా చేతిలో పెట్టినావిడ పేరు సుగుణ. చీరాల మనిషి. అక్కడ మిషన్ హాస్పిటల్లో హెడ్ నర్సుగా చేసింది. ఎంతమంది పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చిందో ఆవిడకే గుర్తులేదు. భర్త జీవరత్నంగారు చర్చి సంఘ పెద్ద, ఇద్దరు మగపిల్లలు. చర్చిలో అందరికీ ఆవిడ "సిస్టర్." ఎవరి బిడ్డకి జ్వరం వచ్చినా ముందు ఆవిడకే ఫోన్. నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అనేదాన్ని.

అప్పటికి సుగుణక్కకి డ్రైవింగ్ రాదు. జీవరత్నంగారికి కుదరనప్పుడు నేను నా డొక్కు కారులో డ్యూటీకి దింపడం మొదలుపెట్టాను. మొదటిరోజే హాస్పిటల్ వైపు తిప్పబోతుంటే, "ఇటు కాదు రాజ్యం, ఎడమకి పోనీ" అంది. కారు వెళ్ళి ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్ వెనక గుమ్మం దగ్గర ఆగింది.

"ఇదేంటక్కా, ఇక్కడ?"

"నేను చేసేది ఇక్కడే. నర్సుగా కాదు, ఎయిడ్‌గా. ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాను, పక్కలు మారుస్తాను. ఇక్కడ నర్సు లైసెన్సుకి పెట్టే స్టేట్ బోర్డ్ పరీక్ష పాసవ్వలేదు నేను. రెండుసార్లు రాశాను."

ఆవిడ దిగలేదు. నేనూ ఇంజన్ ఆపేశాను. నా బ్యాగు వైపు చూసి, "నీ టేపు డబ్బా అందులోనే ఉందిగా? ఆన్ చెయ్. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా గుండె పగిలిపోయేట్టుంది" అంది. ట్రైనింగ్‌లో చెప్పిన తలుపేసిన గది నాకు చివరికి కారులో దొరికింది.

ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ చెప్పింది. తప్పు మందు ఇస్తున్నారని తెలిసి కూడా నోరు తెరవకూడదు, ఎయిడ్ కాబట్టి. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల వచ్చి దుప్పటి ఎలా మడవాలో నేర్పుతుంది. చర్చిలో మాత్రం సిస్టర్. చీరాల్లో తను నేర్పిన అమ్మాయిలు, అమెరికాలో మా మేడమ్ ఎంత పెద్ద హాస్పిటల్లో ఉందో అని చెప్పుకుంటారు. వింటుంటే నాకు ఏడుపాగలేదు. అయ్యో అనకూడదన్న రూల్ గాలికొదిలేశాను.

మిసెస్ ఎస్.

అదంతా ఒక చాప్టర్ రాశాను. పెగ్గీ చదివి, సిగరెట్ కూడా వెలిగించకుండా కూర్చుండిపోయింది. "పుస్తకం అంటే ఇదే. మిగతాదంతా దీని చుట్టూ కట్టిందే" అంది.

మా రంగంలో పేరు దాచడమంటే అప్పట్లో ఇంతే: మిసెస్ ఎస్., ఆంధ్ర తీరంలో ఒక నేతపని ఊరి నుంచి వచ్చిన నర్సు, ఇద్దరు కొడుకులు, భర్త తెలుగు సంఘంలో పెద్ద. పేరు లేదు కాబట్టి మనిషి దాగినట్టే లెక్క. పెగ్గీకి అందులో ఏ లోటూ కనిపించలేదు.

నాకో అలవాటు ఉండేది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకి తెలుగులో చదివి వినిపించేదాన్ని. టైమ్ వేస్ట్ అని ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్ళు. చాప్టర్ పట్టుకుని సుగుణక్క వంటింటికి వెళ్ళాను. ఆవిడ రొయ్యలు వలుస్తోంది. మొదటి పేజీ పూర్తికాకముందే చేతులాగిపోయాయి.

"ఇది నేనని తెలిసిపోతుందే."

"పేరు లేదు కదక్కా?"

"పేరెవడికి కావాలి? మనవాళ్ళు ఎవర్నైనా పేరుతో చెప్పుకుంటారా? చీరాల సిస్టరు, ఇద్దరు మగపిల్లలావిడ, జీవరత్నంగారి భార్య. నువ్వు నా పేరు తీసేసి నన్ను మొత్తం అక్కడ కూర్చోబెట్టావు. ఇది చీరాల చేరితే, నేను నేర్పిన పిల్లల ముందు మళ్ళీ తలెత్తుకుంటానా?"

ఆవిడన్నది అక్షరాలా నిజం. కోట్లమంది ఉన్న అమెరికాలో పేరు తీసేస్తే మనిషి దాగుతాడేమో. పాతిక కుటుంబాల సంఘంలో ఊరూ, పనీ, పిల్లలే పేరు. ఇంత చిన్న సంగతి అన్ని మెథడ్స్ పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. "తీసేస్తానక్కా" అని కాయితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

పెగ్గీకి చెబితే మండిపడింది. "ఈ చాప్టర్ లేకపోతే పుస్తకం లేదు. పుస్తకం లేకపోతే గ్రాంట్ రెన్యూ కాదు. నీ పొజిషన్ నేను నిలబెట్టలేను, తెలుసా నీకు?"

తెలుసు. జాబ్ పోతే వీసా కూడా పోతుంది. అయినా, "తీసేస్తున్నాను, పెగ్గీ" అన్నాను. పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఇద్దరం కాస్త ఉలిక్కిపడ్డాం.

ఆవిడ సిగరెట్ వెలిగించి, "ప్రెస్‌కి పంపడానికి ఇంకా టైముంది. అప్పటిదాకా చించకు" అంది.

ప్రార్థన అంశాలు

సుగుణక్కకి నా వీసా సంగతి చెప్పకూడదనుకున్నాను. చెబితే బలవంతపెట్టినట్టవుతుంది. కానీ ఆవిడ దగ్గర దాచడం నా వల్ల అయ్యే పనా? "మరి నీ జాబ్ ఏమవుతుంది?" అని సూటిగా అడిగింది. "చూద్దాంలే" అన్నాను. "చూద్దామంటే? ఇంటికి పంపేస్తారా?" అంది. నేను మాట మార్చబోయాను, ఆవిడకి అర్థమైపోయింది.

"నా కోసమని ఒప్పుకోవద్దక్కా. నాకింకో ఉద్యోగం దొరుకుతుంది" అన్నాను.

"నీ కోసం ఎవరే ఒప్పుకునేది? నన్ను ఆలోచించుకోనీ" అని కసిరింది.

ఆ శనివారం వాళ్ళింట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటం. నన్నూ రమ్మంది. ఆ కూటంలో ఒక పద్ధతుంది. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ తమ కోసం దేనికి ప్రార్థించాలో చెప్పాలి. వాటిని ప్రార్థన అంశాలంటారు. అక్కడ చెప్పిన మాట గుమ్మం దాటకూడదని కట్టుబాటు. మామూలుగా అయితే అత్తగారి మోకాళ్ళ నొప్పులు, చెల్లెలి పెళ్ళి, పిల్లాడి లెక్కల మార్కులు. సుగుణక్క వంతు వచ్చింది.

"నా పరీక్ష కోసం ప్రార్థన చెయ్యండి" అంది. "నేను మీరనుకునే సిస్టర్‌ని కాదు. నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్‌ని. స్టేట్ బోర్డ్ తప్పాను." అని తలొంచుకుంది.

ముందుగా ఒంగోలు నుంచి వచ్చిన మరియమ్మ, "ఎన్ని పేపర్లు పోయాయక్కా?" అంది.

"అయిదింట్లో ఒక్కటి. మానసిక రోగులది."

"నయం. నాకు రెండు పోయాయి" అంది మరియమ్మ. ఆవిడా నర్సేనని అందరం అనుకునేవాళ్ళం.

దీనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నేనసలు పరీక్షకే కట్టలేదు, భయమేసి" అంది. అప్పుడు ఎస్తేరు గొంతు సవరించుకుంది. అందరికంటే దర్జాగా ఉండే మనిషి, నిజంగానే పెద్ద హాస్పిటల్లో రిజిస్టర్డ్ నర్సు. "నేను మూడోసారికి పాసయ్యాను. ముందు రెండుసార్ల సంగతి మా ఆయనకి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు" అంది.

ఆ తర్వాత జరిగింది ప్రార్థనో, పెళ్ళివారిల్లో చెప్పలేను. ఏడుస్తూ నవ్వుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోయారు. సుగుణక్క చాప్టర్ సంగతీ, నా బ్యాగులో ఉన్న కాయితాల సంగతీ చెప్పేసింది. చదవమన్నారు. చదివాను. ముగిసేసరికి మరియమ్మ ముక్కు చీదుకుని, "ఇది అచ్చులో రావాలి. చీరాల తీసేసి మా ఒంగోలు పెట్టెయ్" అంది.

"నా పిల్లల్ని వేసుకో. ముగ్గురాడపిల్లలని రాయి" అంది దీనమ్మ.

"మొగుడు? సంఘ పెద్ద అని ఉంటే పట్టేస్తారు" అని గుర్తుచేసింది మరియమ్మ.

"మా ఆయన్ని తీసుకోండి" అంది ఎస్తేరు. "అకౌంటెంటు, బట్టతల, చిన్న మాటకి పెద్ద ఉపన్యాసం. తీసుకెళ్ళినా నేనేం అనుకోను."

సుగుణక్క కడుపు పట్టుకుని నవ్వడం అప్పుడే చూశాను. "అయితే రాసుకో రాజ్యం. ఊరు మరియమ్మది, పిల్లలు దీనమ్మవాళ్ళు, మొగుడు ఎస్తేరుది. ఏడుపు ఒక్కటే నాది" అంది.

మేఘనలాంటి వాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలా మార్చడం అబద్ధం కాదా అని నన్ను చాలామంది అడిగారు. ఏది మారిస్తే కథ మారిపోతుందో దాన్ని ముట్టుకోకూడదు. నర్సు, పరీక్ష, నర్సింగ్ హోమ్, ఆవిడ పడ్డ అవమానం, వీటిలో ఒక్క అక్షరం మార్చలేదు. మార్చినవి వాళ్ళందరి ఇష్టంతో మార్చామని ముందుమాటలో రాశాం. పెగ్గీ ఆ ముందుమాట చదివి, "వాళ్ళని వాళ్ళెలా దాచుకోవాలో ఇన్నేళ్ళూ మనమే నిర్ణయించాం. వాళ్ళనే అడగాలని తట్టలేదు చూడు" అంది. గ్రాంట్ రెన్యూ అయింది. నేను ఉండిపోయాను.

ఏడ్చే పేషెంట్‌తో ఏమనాలి

సుగుణక్క పరీక్ష ఇంకా మిగిలే ఉంది. ఒకరోజు ఆ పోయిన పేపరు ప్రాక్టీస్ పుస్తకం నా ముందు పడేసి, "నువ్వు చూడు, నాకు పిచ్చెక్కుతోంది" అంది. ప్రశ్న ఇది: పేషెంట్ ఏడుస్తూ నాకిక నయం కాదంటున్నాడు, నర్సు ఏమనాలి? సుగుణక్క పెట్టిన జవాబు, "భయపడకండి, తప్పకుండా తగ్గిపోతుంది." ఎంతమంది చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని ఆ మాటన్న మనిషో ఆవిడ! పుస్తకం మాత్రం తప్పంటోంది. సరైన జవాబు చూసి నేను పగలబడి నవ్వాను. నా ట్రైనింగ్‌లో నేర్పిన ముక్కే అది.

"అక్కా, ఇది నాకొచ్చు! ధైర్యం చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు. 'మీకు చాలా బాధగా ఉన్నట్టుంది' అనాలి."

"ఓరి నాయనో! ఏడ్చేవాడితో నీకు బాధగా ఉందా అనాలా? నాకు కళ్ళు లేవా?"

"ఉన్నా లేనట్టు అనాలి. అప్పుడు అతను ఇంకా చెబుతాడట."

"దిక్కుమాలిన దేశం" అంది సుగుణక్క. అని, పెన్సిల్ తీసుకుంది.

తెలుగిళ్ళలో నన్ను నవ్వులపాలు చేసిన విద్య అక్కడ పనికొచ్చింది. శనివారాల కూటంలో ప్రార్థన అయ్యాక నేను పాఠం చెప్పేదాన్ని. సుగుణక్క, మరియమ్మ, దీనమ్మ ముగ్గురూ చదివేవాళ్ళు, ఎస్తేరు మిగతా పేపర్లు చూసేది. ఇళ్ళల్లో మొగుళ్ళ మీద సాధన. జీవరత్నంగారు కూరలో ఉప్పు లేదంటే, "మీకు ఉప్పు తక్కువైనట్టు అనిపిస్తోందన్నమాట" అనేదట సుగుణక్క. పాపం ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఏమ్మా, మా ఆవిడకి ఒంట్లో బాగానే ఉందంటావా?" అని అడిగారు.

ముగ్గురూ పాసయ్యారు. ఒకేసారి కాదు, దీనమ్మకి ఇంకో రెండు ప్రయత్నాలు పట్టాయి. ఈసారి ఎవరూ దాచలేదు. తప్పినప్పుడు కూడా బిర్యానీ వండారు.

పుస్తకం వచ్చాక

పుస్తకం ఎనభైల మధ్యలో వచ్చింది. చర్చిలో మగవాళ్ళు చేతులు మార్చుకుంటూ చదివి, ఆ ఒంగోలు నర్సు ఎవరై ఉంటుందా అని తెగ చర్చించారు. టెక్సస్‌లో ప్లేనోలో ఎవరో ఉన్నారన్నాడొకాయన, కాదు వర్జీనియాలో షాంటిలీ అన్నాడింకొకాయన. ఎస్తేరు భర్త కళ్ళద్దాలు సవరించుకుని, "ఎవరైతేనేం గానీ, ఆ భర్త మాత్రం ఉత్తముడండీ" అన్నాడు. ఎస్తేరు చేతిలో పెరుగు గిన్నె ఒలికింది.

ఆ సాయంత్రం సుగుణక్క పుస్తకం పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. కూర్చోకుండానే, "ఇందులో నేనెక్కడున్నానే?" అంది.

"దాచమన్నది నువ్వే కదక్కా?"

"అప్పుడు దాచమన్నాను. మొన్న కొత్తగా వచ్చిన పిల్ల ఒకత్తి పరీక్ష తప్పి, బాత్రూంలో దాక్కుని ఏడుస్తోంది. ఇదిగో, నేనూ తప్పానే, చదువు అని పుస్తకం చేతిలో పెడితే, ఇదెవరో ఒంగోలావిడ కదా ఆంటీ అంటోంది! నాకెంత ఒళ్ళుమండిందో తెలుసా? మళ్ళీ ముద్రిస్తే నా పేరు వెయ్యి."

ఇలాంటి పుస్తకాలు మళ్ళీ ముద్రించరని చెప్పాను. మొహం చిన్నబోయింది. పుస్తకం బల్లమీద పెట్టి, "పోనీలే. నువ్వెప్పుడైనా ఇంకోటి రాస్తావుగా, అందులో వెయ్యి" అంది.

ఇది మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి అడిగాను. "అప్పుడే చెప్పానుగా, ఇంకా అడుగుతావేంటే!" అని తిట్టిపోసింది.

ఈ రాతలో పెగ్గీ, మరియమ్మ, దీనమ్మ, ఎస్తేరు, జీవరత్నంగారు, అన్నీ మార్చిన పేర్లే. సుగుణ మాత్రం సుగుణే. ఊరు చీరాల, ఇద్దరు మగపిల్లలు. పరీక్ష రెండుసార్లు తప్పింది.